స్కూలు గురించి అడిగితే పార్కింగ్ గురించి ఎందుకు చెబుతారు?

ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా లండన్ శివార్లలో, ఒక పేటకు కొత్త సెకండరీ స్కూలు వస్తోందంటే, స్కూలు గురించి అడిగే కాగితం వెనకే ఇంకో కాగితం కూడా ఇంటికి వస్తుంది. మీ వీధిలో కంట్రోల్డ్ పార్కింగ్ జోన్ పెట్టమంటారా, వద్దా అని కౌన్సిల్ అడిగే కాగితం అది. ఒక్కోచోట అదే ముందు వస్తుంది. జనం రెండింటికీ ఓపికగా జవాబులు రాస్తారు. ఆ జవాబులన్నీ ఒకచోట పెట్టి చదివితే, స్కూలు గురించి అడిగిన చోట చాలామంది పార్కింగ్ గురించి, పార్కింగ్ గురించి అడిగిన చోట స్కూలు గురించి రాసి ఉంటారు. ఈ ప్రశ్నకు సంబంధం లేని అభ్యంతరాలని ఆఫీసర్లు వాటిని పక్కన పెడతారు. నిజానికి ఆ పేటకు ఏం కావాలో, దేనికి భయపడుతోందో ఆ పక్కన పెట్టిన కాగితాల్లోనే ఉంటుంది.

ముందు ఈ జోన్ అంటే ఏమిటో చూద్దాం. వీధి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు అని దాని మీద రాసి ఉంటుంది. ఆ వేళల్లో రోడ్డు పక్కన తెల్ల గీతలతో గీసిన బేలలో పర్మిట్ ఉన్న కార్లే ఆపాలి. పర్మిట్ ఆ జోన్‌లో ఉండేవాళ్లకే ఇస్తారు, ఏడాదికి ఇంత అని డబ్బు కట్టించుకుంటారు. చుట్టాలొచ్చినా, ప్లంబర్ వచ్చినా విజిటర్ వోచర్లు విడిగా కొనుక్కోవాలి. బే లేని చోట పసుపు గీత, అక్కడ ఆ వేళల్లో అసలు ఆపకూడదు. దీనంతటికీ ఆధారం 1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం. రోడ్డు పక్క పార్కింగ్ మీటర్లు లండన్‌లోని మేఫెయిర్‌లో 1958లో మొదలైనప్పుడు ఇది ఆఫీసులు, దుకాణాలు ఉన్న ప్రాంతాల గొడవ. ఇప్పుడు ఇళ్లు తప్ప ఇంకేమీ లేని వీధుల దాకా వచ్చింది.

తన ఇంటి ముందు రోడ్డు మీద కారు పెట్టుకునే హక్కు చట్ట ప్రకారం ఎవరికీ లేదు. రోడ్డు ఉన్నది ప్రయాణానికి. కానీ ముప్పై ఏళ్లుగా ఒకే చోట కారు ఆపుతున్న మనిషికి ఈ మాట ఎంత చెప్పినా తలకెక్కదు. ఎక్కకపోవడానికి కారణం కూడా ఉంది. విక్టోరియన్ కాలపు టెర్రస్ ఇళ్ల, అంటే గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల, వరసలో ఒక్కో ఇంటి ముఖం వెడల్పు సుమారు 5 మీటర్లు. ఒక కారు నిలపడానికి కావలసిన జాగా కూడా దాదాపు అంతే. అంటే ఇంటికొక కారు ఉంటే వీధి సరిగ్గా నిండిపోతుంది. ఎవరింట్లోనైనా రెండో కారు ఉంటే అది పక్కింటి ముందు ఉండాల్సిందే. ఎవరైనా ముందు తోట తీసేసి, పేవ్‌మెంట్ అంచు దించి, కారు లోపల పెట్టుకుంటే, ఆ దారికి అడ్డం రాకూడదు కాబట్టి రోడ్డు మీద ఒక జాగా పోతుంది. ఇంత బిగుతు లెక్కలో బతికే వీధికి బయటినుంచి పది కార్లు వచ్చినా కుర్చీలాట మొదలవుతుంది. ఈ బిగుతు అర్థం కాకుండా, వీళ్లకు కార్ల పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. అలా కొట్టిపారేసినవాళ్లకు వీధి జనం తర్వాత ఏం చెప్పినా వినబడదు.

స్కూలు వైపు లెక్క ఇంకోలా ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2001లో పుట్టిన పిల్లలు సుమారు 5.95 లక్షలు. 2012 నాటికి ఆ సంఖ్య దాదాపు 7.3 లక్షలకు పెరిగింది. ఆ పిల్లలు ముందు ప్రైమరీ స్కూళ్లను నింపారు. పదకొండేళ్లు రాగానే సెకండరీ స్కూళ్ల గుమ్మాల ముందుకొచ్చారు. అక్కడ సీటు ఎలా ఇస్తారన్నది తెలిస్తేగానీ తల్లిదండ్రుల టెన్షన్ అర్థం కాదు. అక్టోబర్ 31లోగా దరఖాస్తు చేయాలి. మార్చి 1న ఏ స్కూలు వచ్చిందో చెబుతారు. స్కూలుకు సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, కౌన్సిల్ సంరక్షణలో పెరుగుతున్న పిల్లలు, ఇప్పటికే అక్కడ చదివేవారి తోబుట్టువులు పోగా, మిగతా సీట్లను చాలాచోట్ల ఇంటికీ స్కూలుకీ మధ్య దూరాన్ని బట్టి ఇస్తారు. దాన్ని కూడా చాలామటుకు తిన్నగా గీత గీసి కొలుస్తారు. రెండు మూడు మంచి స్కూళ్ల మధ్య ఉండి కూడా దేనికీ చాలినంత దగ్గర కాని వీధులు ఉంటాయి. వాటిని అక్కడి తల్లిదండ్రులు బ్లాక్ హోల్ అంటారు. ఆ వీధుల్లో పదేళ్ల పిల్ల ఉన్న ఇంటికి కొత్త స్కూలంటే, రోజూ రెండు బస్సులు మారి వెళ్లే ఏడేళ్ల చదువుకూ, నడిచివెళ్లే చదువుకూ మధ్య తేడా.

కాబట్టి స్కూలు వద్దు అని నేరుగా అనేవాళ్లు తక్కువ. ఈ పేటకు స్కూలు కావాలి, కానీ ఈ స్థలంలో కాదు అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. దీన్ని స్వార్థమని తిట్టడం మామూలైపోయింది. కానీ ఆ స్థలం ఎలా వచ్చిందో చూస్తే ఆ మాటలో సగమైనా న్యాయం ఉందని ఒప్పుకోవాలి.

2010 అకాడమీల చట్టం తర్వాత ఫ్రీ స్కూళ్లు వచ్చాయి. అప్పటి విద్యా మంత్రి మైకేల్ గోవ్ వీటిని ముందుండి నడిపించారు. మొదటి 24 స్కూళ్లు 2011 సెప్టెంబర్‌లో తెరిచారు. వీటికి డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, నడిపేది ట్రస్టు, స్థానిక కౌన్సిల్‌కు వాటి మీద పెత్తనం లేదు. లండన్‌లో ఖాళీ మైదానాలు ఎక్కడున్నాయి? దొరికిన చోట కొన్నారు. పాత ఆఫీసు భవనాలు, మూతపడ్డ పోలీస్ స్టేషన్లు, గోదాముల స్థలాలు. ఒక స్కూలుకు ఏ స్థలం సరిపోతుంది అని వెతకడం కాకుండా, అమ్మకానికి వచ్చిన ఈ స్థలంలో స్కూలును ఎలా ఇరికించాలి అన్నది ప్రశ్న అయింది. ఎనభై మంది పనిచేసిన ఆఫీసు ఉన్న సందులోకి తొమ్మిది వందల మంది పిల్లలు వస్తారంటే ఆ సందులో ఉండేవాళ్లు కంగారుపడతారు. పడటం సహజం.

జనం పార్కింగ్ గురించే ఎందుకు మాట్లాడతారన్నదానికి పెద్ద కారణం మాత్రం చట్టంలోనే ఉంది. 2013 నుంచి ఇంగ్లండ్‌లో ఆఫీసులాంటి భవనాన్ని ప్రభుత్వ నిధులతో నడిచే స్కూలుగా మార్చడానికి పూర్తిస్థాయి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. ముందస్తు ఆమోదం అనే చిన్న ప్రక్రియ చాలు. అందులో కౌన్సిల్ ప్రధానంగా చూడగలిగేవి మూడే: ట్రాఫిక్ మీద ప్రభావం, శబ్దం, నేల కాలుష్యం. 56 రోజుల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే. స్కూలు అక్కడ అవసరమా, పిల్లలకు ఆటస్థలం ఉందా, పక్కనున్న పాత స్కూలు ఖాళీ అయిపోతుందా అన్నవి ఆ ప్రక్రియలో లెక్కకు రావు. వాటి గురించి పది పేజీలు రాసినా ఆఫీసర్ ఒక్క వాక్యంలో తోసిపుచ్చగలరు. తొలి సమావేశంలోనే ఎవరో ఒకరు, సాధారణంగా రెసిడెంట్స్ అసోసియేషన్‌లో ప్లానింగ్ సంగతి తెలిసిన పెద్దాయన, ట్రాఫిక్ గురించి రాయండి, మిగతావి చెల్లవు అని అందరికీ చెబుతారు. అంతే, ఆటస్థలం గురించి దిగులుపడేవారూ, పాత స్కూలు మీద మమకారం ఉన్నవారూ, తమను ఎవరూ అడగలేదని కోపం వచ్చినవారూ ఒకే భాషలో రాస్తారు. ఆ భాష పేరు పార్కింగ్.

పోనీ ఆ భాషకైనా బలం ఉందా? పెద్దగా లేదు. 2011 ఆగస్టులో ప్రభుత్వం ఒక విధాన ప్రకటన చేసింది. ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్ల నిర్మాణానికి అనుకూలంగానే మొదలుపెట్టి ఆలోచించమని అది కౌన్సిళ్లకు చెప్పింది. జాతీయ ప్లానింగ్ విధానం కూడా స్కూళ్ల అవసరానికి ఎక్కువ బరువు ఇమ్మంటుంది. అదే విధానంలో రోడ్ల గురించి ఇంకో మాట ఉంది. రోడ్డు భద్రతకు ఒప్పుకోలేనంత ముప్పు ఉంటేనో, రోడ్ల వ్యవస్థ మీద పడే మొత్తం ప్రభావం తీవ్రంగా ఉంటేనో తప్ప ట్రాఫిక్ కారణంగా నిర్మాణాన్ని ఆపకూడదని. ఇంటి ముందు కారు పెట్టుకోవడానికి పావుగంట తిరగాల్సి రావడం ఆ తీవ్రం అన్న మాటకు దగ్గరగా కూడా రాదు. అంటే జనానికి మాట్లాడటానికి ఒకే భాష ఇచ్చి, ఆ భాషలో చెప్పినదానికి అతి తక్కువ విలువ కట్టారు. వందల అభ్యంతరాలు వచ్చినా స్కూలుకు అనుమతి వచ్చినప్పుడు, మా మాట ఎవరూ వినలేదు అన్న బాధ అక్కడినుంచి పుడుతుంది. ఆ బాధ తర్వాత పార్కింగ్ జోన్ సర్వేలోకి ప్రవహిస్తుంది.

అడిగేవాళ్లు కూడా ఒకరు కారు. స్కూలు గురించి అడగాల్సింది దాన్ని పెట్టే ట్రస్టు. అకాడమీల చట్టంలోని 10వ సెక్షన్ కింద సంప్రదింపులు జరపాలి, అది చాలాసార్లు స్థలం ఖరారు కాకముందే జరిగిపోతుంది. స్కూలు కావాలా అని అడిగితే, ఎక్కడ అని తెలియకుండా ఎవరు వద్దంటారు? భవనం గురించి అడిగేది కౌన్సిల్‌లోని ప్లానింగ్ విభాగం. పార్కింగ్ గురించి అడిగేది అదే కౌన్సిల్‌లోని హైవేస్ విభాగం. పర్మిట్ జోన్‌కు ముందు అభిప్రాయ సేకరణ జరుగుతుంది, తర్వాత చట్టబద్ధమైన నోటీసు వస్తుంది. 1996 నిబంధనల ప్రకారం ఆ నోటీసు మీద అభ్యంతరం చెప్పడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలి. ఆ నోటీసును ప్లాస్టిక్ కవర్లో పెట్టి లాంప్ పోస్టుకు జిప్ టైతో కడతారు. చిన్న అక్షరాల్లో వీధుల పేర్లు, ఆర్డరు నంబరు, చట్టం పేరు ఉంటాయి. వాన పడితే కవర్లోకి నీళ్లు దిగి సిరా పాకుతుంది. స్కూలు అన్న మాట అందులో ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఆ విభాగానికి స్కూలుతో పని లేదు.

సంప్రదింపులు ఎలా జరగాలో అక్కడి కోర్టులు చెప్పకపోలేదు. ఆ సూత్రాలకు మూలం కూడా స్కూళ్ల గొడవే. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ సెకండరీ స్కూళ్లను మూసివేయడం, కలిపేయడం తలపెట్టినప్పుడు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. గన్నింగ్ కేసుగా పేరుపడ్డ ఆ కేసులో, తల్లిదండ్రుల తరఫు న్యాయవాది స్టీఫెన్ సెడ్లీ ప్రతిపాదించిన నాలుగు సూత్రాలను జడ్జి ఆమోదించారు. ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకునే దశలో ఉండగానే అడగాలి. తెలివిగా జవాబు చెప్పగలిగేంత సమాచారం ఇవ్వాలి. చాలినంత సమయం ఇవ్వాలి. వచ్చిన జవాబులను నిర్ణయం తీసుకునేటప్పుడు మనసుపెట్టి పట్టించుకోవాలి. 2014లో హారింగే కౌన్సిల్ మీద వచ్చిన ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలను ఖాయం చేసింది. ఆ సంప్రదింపుల్లో కౌన్సిల్ తాను వద్దనుకున్న ప్రత్యామ్నాయాల ఊసే ఎత్తలేదని తప్పుపట్టింది.

ఈ గీటురాయి మీద పార్కింగ్ సర్వేల్ని పెట్టి చూస్తే చాలావాటి రంగు బయటపడుతుంది. రోజంతా జోన్ కావాలా, రెండు గంటల జోన్ కావాలా అని అడిగి, అసలు వద్దు అనేవారికి గడి కూడా లేని ఫారం రూపుదిద్దుకునే దశలో అడిగింది కాదు. పక్క వీధి ఒప్పుకుంటే మీ అభిప్రాయం మారుతుందా అనే ప్రశ్న చాలా ఫారాల్లో ఉంటుంది. పైకి అది అమాయకంగా కనిపిస్తుంది. కానీ అసలు ఒత్తిడి అంతా అందులోనే ఉంది. ఒక వీధిలో జోన్ వస్తే అక్కడ ఆపే బయటి కార్లు మాయమైపోవు, పక్క వీధిలోకి వస్తాయి. నిన్నటిదాకా ఏ ఇబ్బందీ లేని ఆ వీధి ఏడాది తిరగకుండా మాకూ జోన్ పెట్టండి అని అడుగుతుంది. కౌన్సిల్ దాన్ని ప్రజల డిమాండ్ అని రాసుకుంటుంది. ఆ డిమాండ్‌ను పుట్టించింది తాను ముందు తీసుకున్న నిర్ణయమే అన్నది నివేదికలో కనిపించదు.

ఇక స్కూలు వల్ల పడే బరువు ఎప్పుడు పడుతుంది అన్న సంగతి. ఇరుపక్షాలూ తప్పు చేసేది ఇక్కడే. ఒక తరగతికి 30 మంది, ఏడాదికి ఆరు సెక్షన్లు అనుకుంటే కొత్త స్కూలు మొదటి సెప్టెంబర్‌లో ఇయర్ సెవెన్, అంటే సెకండరీలో మొదటి తరగతి, పిల్లలు 180 మందితోనే మొదలవుతుంది. రెండో ఏడు 360. ఇయర్ ఎలెవెన్ వచ్చి 900 అయ్యేసరికి ఐదో ఏడు నడుస్తుంటుంది. సిక్స్త్ ఫారం, అంటే పదహారేళ్ల తర్వాతి రెండేళ్ల చదువు, కూడా ఉంటే ఏడేళ్లు. స్కూలు తెరిచిన మొదటి ఏడాది వీధిలోకి వెళ్లి చూసి, ఇంత గోల చేశారు, ఏమీ కాలేదే అనేవాళ్లు ఐదో వంతు స్కూలును చూసి మాట్లాడుతున్నారు. తెరవకముందే పార్కింగ్ సర్వే చేస్తే జనం ఊహకు జవాబిస్తారు, మొదటి ఏడాది చేస్తే చిన్న స్కూలుకు జవాబిస్తారు. నిజమైన స్కూలు గురించి అడిగే సమయానికి ఫైలు మూసేసి ఉంటుంది.

పైగా సెకండరీ స్కూలు దగ్గర జరిగేది ప్రైమరీ స్కూలు దగ్గర జరిగేదానిలా ఉండదు. వీధి జనం భయపడేది ఎక్కువగా ప్రైమరీ స్కూలు గేటు దగ్గర చూసిన దృశ్యాన్ని తలచుకునే. ఎనిమిదిన్నరకు జిగ్‌జాగ్ పసుపు గీతల మీద కారు ఆపి, హజార్డ్ లైట్లు వేసి, వెనక డోరు తీసి పిల్లాణ్ని దించి, లంచ్ బాక్సు మర్చిపోయాడని మళ్లీ పిలిచే తల్లి. వెనక ఆరు కార్లు. ఎదురుగా వస్తున్న చెత్త లారీ. పదకొండేళ్లు దాటిన పిల్లలు చాలామటుకు ఇలా రారు. జాతీయ ప్రయాణ సర్వేల ప్రకారం ఇంగ్లండ్‌లో 11 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో కారులో స్కూలుకు వెళ్లేది పావు వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతావాళ్లు నడుస్తారు, బస్సెక్కుతారు. లండన్‌లో 2005 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు బస్సు ఉచితం, కాబట్టి అక్కడ కార్ల వాటా ఇంకా తగ్గుతుంది. సెకండరీ స్కూలు వల్ల వీధికి వచ్చే అసలు మార్పు మధ్యాహ్నం మూడుంపావుకు కనబడుతుంది. గుంపులుగా పిల్లలు పేవ్‌మెంట్ నిండా నడుస్తారు, బస్టాపు దగ్గర రోడ్డు మీదికి పొంగుతారు, రెండు బస్సులు నిండిపోయి ఆగకుండా పోతాయి. బస్సు కోసం కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలావిడకు అది నిజమైన ఇబ్బంది. కానీ ఆమె ఇబ్బందికి పార్కింగ్ ఫారంలో గడి లేదు.

పార్కింగ్ బరువు పెట్టేది పిల్లలకన్నా ఎక్కువగా టీచర్లు. 900 మంది పిల్లల స్కూలుకు, 17 మందికి ఒక టీచర్ చొప్పున చూస్తే యాభై మందికి పైగా టీచర్లు ఉంటారు. ఆఫీసు, వంట, శుభ్రం, సహాయకులు వేరే. ఇందులో యాభై మంది కార్లలో వచ్చి వీధిలోనే పెట్టారనుకుంటే, కారుకు 5 మీటర్ల లెక్కన 250 మీటర్ల రోడ్డు అంచు కావాలి. ఒక ఓ మోస్తరు వీధిలో ఒక పక్క మొత్తం. అది కూడా పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఐదు దాకా.

జోన్ వేళల గురించి జరిగే వాదన ఇక్కడ అర్థవంతమవుతుంది. చాలా జోన్లు రోజుకు ఒక గంటే నడుస్తాయి, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట లాగా. రైల్వే స్టేషన్ దగ్గర కారు పెట్టి లండన్‌లోకి వెళ్లిపోయేవారిని ఆపడానికి పుట్టిన ఉపాయం అది. ఆ ఒక్క గంటలో పర్మిట్ లేకుండా ఉండకూడదంటే రోజంతా కారు వదిలి వెళ్లలేరు. టీచర్ల కార్లనూ అది ఆపుతుంది. ఎనిమిదిన్నరకు రెండు నిమిషాలు, మూడుంపావుకు పది నిమిషాలు ఆగే తల్లిదండ్రుల కారుకు అది వర్తించనే వర్తించదు. అంటే స్కూలు రద్దీ తగ్గుతుందని నమ్మి ఒక గంట జోన్‌కు ఓటేసిన ఇంటికి, డబ్బు కట్టాక కూడా పొద్దుటి రద్దీ అలాగే ఉంటుంది. ఏ జోన్ ఏ కారును ఆపుతుందో ఫారంలోనే రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. చెప్పకపోవడం పెద్ద తప్పు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే కోపానికి మూలం అదే.

టీచర్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పేటలో ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత చాలామంది యువ టీచర్లకు లేదు. దూరం నుంచి, బస్సులు సరిగా లేని శివారు నుంచి, ఎక్సర్‌సైజ్ బుక్కుల సంచులతో కారులో వస్తారు. రోజంతా జోన్ పెడితే వాళ్లు ఎక్కడో మైలు దూరంలో ఆపి నడవాలి, లేదా ఇంకో స్కూలు చూసుకోవాలి. కొన్ని కౌన్సిళ్లు స్కూలు సిబ్బందికి కొన్ని పర్మిట్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మా పిల్లలకు మంచి లెక్కల టీచర్ కావాలి అనేదీ, ఆవిడ కారు మా వీధిలో వద్దు అనేదీ ఒకే ఇంటివారు కావచ్చు. ఇందులో కపటం లేదు. రెండూ నిజమైన అవసరాలే. వాటిని ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడే చోటు మాత్రం ఎవరూ ఏర్పాటు చేయలేదు.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ అభిప్రాయాలు అర్థం కావు. ఇదంతా కౌన్సిల్ డబ్బు వసూలుకే అనే మాట ప్రతి పార్కింగ్ సర్వేలోనూ వస్తుంది. 2013లో ఉత్తర లండన్‌లోని బార్నెట్ కౌన్సిల్ మీద హైకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ అనుమానానికి బలం వచ్చింది. అంతకుముందు అక్కడ మొదటి కారు పర్మిట్ ధరను 40 పౌండ్ల నుంచి 100 పౌండ్లకు, విజిటర్ వోచర్‌ను ఒక పౌండు నుంచి 4 పౌండ్లకు పెంచారు. ఆ మిగులుతో ఇతర రవాణా ఖర్చులు వెళ్లదీయాలన్నది ఉద్దేశం. 1984 చట్టం ఆదాయం తెచ్చుకోవడానికి పెట్టింది కాదు, కాబట్టి ఆ పెంపు చెల్లదని కోర్టు తేల్చింది. పార్కింగ్‌లో మిగిలిన డబ్బును చట్టం చెప్పిన రోడ్లు, రవాణా వంటి పనులకే వాడాలన్నది నిజమే. కానీ మిగులు కోసమే ధర పెంచడం వేరు, పార్కింగ్ నిర్వహణలో మిగులు రావడం వేరు. ఈ తేడాను కౌన్సిళ్లు తమ కాగితాల్లో స్పష్టంగా చెప్పి, గత ఏడాది వచ్చినదెంత, ఖర్చయినదెంత, ఎక్కడ అని ఒక పట్టిక జోడిస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

ఈ జవాబులిచ్చేవారంతా ఒక్క రకం కాదన్నది కూడా మరవకూడదు. ఇంట్లోకే కారు దారి ఉన్నవారికి జోన్ వల్ల నష్టం లేదు, వాళ్ల వీధి ప్రశాంతంగా ఉంటుంది. వ్యాన్‌లో పనిముట్లు పెట్టుకుని బతికే ఎలక్ట్రీషియన్‌కు పెద్ద బండి పర్మిట్ దొరకకపోవచ్చు. కారు లేని అద్దెదారుకు ఇదంతా పట్టదు, వోచర్ కొనాల్సి వచ్చేదాకా. కొత్తగా కట్టిన ఫ్లాట్లలో ఉండేవారి పరిస్థితి ఇంకా తేడా. ప్లానింగ్ ఒప్పందాల్లోనే కార్ ఫ్రీ అని రాసి ఉంటే వాళ్లకు పర్మిట్‌కు అర్హతే ఉండదు. ఫ్లాటు కొనేటప్పుడు ఆ వీధిలో జోన్ లేదు కాబట్టి ఆ షరతు వాళ్లను ఏనాడూ తాకలేదు. స్కూలు వచ్చి, జోన్ వచ్చాక హఠాత్తుగా కారు పెట్టే చోటు పోతుంది. అందరికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది ఒంటరిగా ఉండే వృద్ధులకు. పొద్దున, సాయంత్రం వచ్చే కేర్ వర్కర్, వారానికోసారి వచ్చే కూతురు, అప్పుడప్పుడు వచ్చే నర్సు. చాలా కౌన్సిళ్లలో కేరర్ పర్మిట్లు ఉన్నాయి, కానీ వాటికి విడిగా దరఖాస్తు చేయాలి, అది కూడా ఆన్‌లైన్‌లో. విజిటర్ వోచర్లు కూడా ఫోన్లోకి మారిపోతున్న చోట్ల, స్మార్ట్‌ఫోన్ లేని ఎనభై ఏళ్ల మనిషి తన కూతురు ఇంటికి రావడానికి ఇంకొకరి సాయం అడగాలి. సర్వేకు జవాబిచ్చేవారిలో ఈ గొంతు అతి తక్కువగా వినబడుతుంది. జవాబులు లెక్కపెట్టి వీధికింత మెజారిటీ అని తేల్చే పద్ధతిలో, జవాబివ్వనివారు అక్కడ ఉండనట్టే లెక్క.

మరి ఏం చేయొచ్చు? పొద్దుటి రద్దీకి పార్కింగ్ జోన్ కన్నా సూటి మందు స్కూల్ స్ట్రీట్. స్కూలు మొదలయ్యే, వదిలే వేళల్లో గేటు ముందు రోడ్డును బయటి కార్లకు మూసేయడం. ఇటలీలోని బోల్జానో పట్టణంలో 1989లో ఈ పద్ధతి మొదలైంది. ఇప్పుడు లండన్‌లోనే ఇలాంటివి 500 దాటాయి, ఎక్కువ భాగం ప్రైమరీ స్కూళ్ల దగ్గర. సెకండరీ స్కూలు పెద్ద రోడ్డు మీద, బస్సు మార్గంలో ఉంటే ఇది కుదరదు. సందులో ఉంటే కుదురుతుంది. ఆఫీసు భవనాల్లో పెట్టిన స్కూళ్లకు సందులే ఎక్కువ కాబట్టి ఆలోచించదగినది. ఇది పర్మిట్ లాగా ఏడాదంతా ఇంటివాళ్ల జేబు మీద పడదు.

ఇంకోటి, ప్రయోగాత్మక ట్రాఫిక్ ఆర్డర్. 1984 చట్టంలోనే ఉంది. గరిష్ఠంగా 18 నెలలు అమల్లో పెట్టి చూడవచ్చు, మొదటి ఆరు నెలలూ జనం అభ్యంతరాలు చెప్పవచ్చు. ముందు ఊహించి అడగడం కన్నా చూసి అడగడం మేలు. పెట్టేశాక ఎవరు తీస్తారు అనే అనుమానం జనానికి ఉంది, అది న్యాయమైనదే. కాకపోతే స్కూలు నిండటానికి ఐదేళ్లు పడితే 18 నెలల ప్రయోగం దానికి చాలదు. కాబట్టి స్కూలుకు అనుమతి ఇచ్చేటప్పుడే షరతుల్లో, 1990 ప్లానింగ్ చట్టంలోని 106వ సెక్షన్ కింద చేసుకునే ఒప్పందంలో తేదీలు రాసుకోవచ్చు. ఇయర్ నైన్ వచ్చిన ఏడు ఒకసారి, ఇయర్ ఎలెవెన్ వచ్చిన ఏడు ఇంకోసారి చుట్టుపక్కల వీధుల్లో కార్లు లెక్కపెట్టాలని, ఆ ఖర్చు స్కూలు కట్టేవారు భరించాలని, అప్పుడు మాత్రమే జోన్ గురించి వీధులను అడగాలని. ఆరు నెలల్లో మూడు విభాగాలు మూడు కాగితాలు పంపే బదులు, ఒకే కాగితంలో స్కూలు ఏ ఏడు ఎంత పెరుగుతుందో, టీచర్లు ఎక్కడ ఆపుతారో, బస్సులు పెంచుతారా లేదా అన్నవి పక్కపక్కన చెప్పవచ్చు.

ఈ తేదీల సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యం. 2012 తర్వాత పుట్టుకలు తగ్గుతూ వచ్చి 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 5.91 లక్షలకు, అంటే 2001 నాటి స్థాయికి కిందికి చేరాయి. లండన్‌లో కొన్ని ప్రైమరీ స్కూళ్లు ఇప్పటికే పిల్లలు చాలక మూతపడ్డాయి. ఆ తగ్గుదల ఇప్పుడు సెకండరీ వైపు నడిచి వస్తోంది. ఇవాళ ఆరు సెక్షన్లకు అనుమతి తెచ్చుకుని తెరిచే స్కూలు కొన్నేళ్లకు నాలుగు సెక్షన్లతో నడవవచ్చు. 900 మంది లెక్కతో గీసిన పార్కింగ్ జోన్ మాత్రం దానంతట అది తగ్గదు. పర్మిట్ ఫీజు కూడా తగ్గదు. దాన్ని మళ్లీ తెరిచి చూసే తేదీ ఒప్పందంలో రాసి ఉంటేనే వీధివాళ్లు కౌన్సిల్‌ను నిలదీయగలరు.